మొదటి కీమోకి ముందే అడగాల్సిన మాట

అందరికీ నమస్కారం. ఈ గదిలో క్యాన్సర్ వార్డుల్లో పనిచేసే నర్సులున్నారు, చదువుకుంటున్న డాక్టర్లున్నారు, వెనక వరుసల్లో కొందరు తల్లిదండ్రులూ కనిపిస్తున్నారు. అందరికీ అర్థమయ్యేలా మాట్లాడటానికి ప్రయత్నిస్తాను. వైద్యం మాటలు ఎక్కువైతే చెయ్యెత్తండి, ఆపి మళ్లీ చెప్తాను.

ఒక పాత ఫైలుతో మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి ఫాలోఅప్‌కి నా దగ్గరికి వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గానీ అప్పటికి అతనికి 26 ఏళ్లు. 17 ఏళ్ల వయసులో తొడ ఎముకలో ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ వచ్చింది. కీమో, ఆపరేషన్, మళ్లీ కీమో. అన్నీ తట్టుకున్నాడు. అప్పటినుంచి జబ్బు జాడ లేదు. ప్రతి ఏడూ నవ్వుతూ వచ్చి, నవ్వుతూ వెళ్లేవాడు. ఆ రోజు మాత్రం భార్యను బయట కూర్చోబెట్టి ఒక్కడే లోపలికి వచ్చాడు. చేతిలో వీర్యపరీక్ష రిపోర్టు ఉంది. వీర్యకణాల సంఖ్య దగ్గర సున్నా. అతను కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు: "సార్, ఇలా అవుతుందని మీకు అప్పుడే తెలుసా?"

తెలుసు. అదే నేను చెప్పగలిగిన నిజం.

అతను వెళ్లాక ఆ పాత ఫైలు తెప్పించుకుని చూశాను. ఏ రోజు ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కించామో ఉంది. ఎన్నిసార్లు వాంతయిందో, రక్తంలో పొటాషియం ఎంతుందో ఉంది. జుట్టు రాలుతుందని చెప్పాం, ఆ సంగతీ రాసుంది. పిల్లల విషయానికొస్తే, అంగీకార పత్రం చివర్లో దుష్ఫలితాల వరసలో "సంతానలేమి" అన్న ఒక్క మాట ఉంది. దాని గురించి అతనితో ఎవరైనా కూర్చుని మాట్లాడినట్టు ఒక్క వాక్యం లేదు. వీర్యం దాచిపెట్టడానికి అప్పుడు ఒకటి రెండు రోజులు చాలేవి. ఆ ట్రీట్‌మెంట్ ఇచ్చిన డాక్టర్లలో నేనూ ఒకణ్ణి.

ఎందుకు చెప్పలేదు? ఎన్నోసార్లు ఆలోచించాను. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు వాళ్లమ్మ కూర్చున్న కుర్చీలోంచి లేవలేకపోయింది. వెంటనే కీమో మొదలుపెట్టాలి, బెడ్ దొరకాలి, పరీక్షలు పూర్తికావాలి. అంత కష్టంలో ఉన్నవాళ్ల ముందు రేపెప్పుడో పుట్టబోయే పిల్లల మాట ఎత్తడం నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. ముందు ప్రాణం నిలబడనీ, మిగతావి తర్వాత చూద్దాం అనుకున్నాను. పైగా పక్కన అమ్మ కూర్చుని ఉండగా పదిహేడేళ్ల కుర్రాడి ముందు వీర్యం అన్న మాట ఎలా అనాలో నాకు తెలియలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఇవన్నీ నా ఇబ్బందులే. అతనికి ఏం కావాలన్నది వీటిలో ఎక్కడా లేదు.

"అడిగినా వద్దనేవాడేమోలే" అని తోటి డాక్టర్ ఒకరు నన్ను ఓదార్చారు. అనేవాడేమో. అని ఉంటే అది అతని నిర్ణయం అయ్యేది. మేం అడక్కపోవడంతో అతని తరఫున మేమే నిర్ణయించేసినట్టయింది. పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లయినా, ఆ వయసుకి ఇంకా రాని పసివాళ్లయినా, మొదటి సీసా ఎక్కించే లోపు ఈ సంగతి వాళ్లకో వాళ్ల తల్లిదండ్రులకో చెప్పి తీరాలి. ఇవాళ నేను వచ్చింది ఈ మాట చెప్పడానికే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2006లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో వాటిని సవరించినప్పుడు ఈ బాధ్యతను క్యాన్సర్ డాక్టర్‌కే వదిలేయకుండా నర్సులతో సహా వైద్యబృందం అందరికీ పంచింది. నర్సులు ఇది గుర్తుపెట్టుకోండి. డాక్టర్ మర్చిపోతే మీరు అడగొచ్చు. మీరు అడగాలి కూడా.

ఇక అసలు శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం. ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమెకు జీవితకాలానికి సరిపడా అండాలన్నీ అండాశయాల్లో ఉంటాయి. పుట్టినప్పుడు 10 లక్షల నుంచి 20 లక్షలు, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు. తరుగుతాయే తప్ప కొత్తవి పుట్టవు. కొన్ని కీమో మందులు డీఎన్ఏనే దెబ్బతీస్తాయి కాబట్టి నిద్రాణంగా ఉన్న అండాలను కూడా వదలవు. అందుకే ఒకే మోతాదు పన్నెండేళ్ల పిల్లకీ ముప్ఫై ఎనిమిదేళ్ల మహిళకీ ఇస్తే ఫలితం వేరుగా ఉంటుంది. పెద్దామెకు పీరియడ్స్ అక్కడితో ఆగిపోవచ్చు. చిన్నపిల్లకి మళ్లీ మొదలవుతాయి. మొదలయ్యాయి కదా, ఇక ఏ బాధా లేదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అక్కడే పొరపాటు పడతాం. నిల్వ తరిగిపోయి ఉంటుంది. ఇరవైల చివర్లోనో ముప్ఫైల మొదట్లోనో అది అడుగంటిపోవచ్చు.

మగవాళ్లలో సంగతి వేరు. వీర్యకణాలు జీవితాంతం తయారవుతూనే ఉంటాయి, ఒక్కో విడత తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. వాటిని పుట్టించే మూలకణాలు మిగిలితే ఉత్పత్తి మళ్లీ మొదలవుతుంది, కొందరికి కొన్నేళ్లు కూడా పట్టొచ్చు. అవి పూర్తిగా పోతే ఇక మొదలవదు. అయితే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ని తయారుచేసే కణాలు చాలా మొండివి, అంత తేలిగ్గా చావవు. కాబట్టి గడ్డం వస్తుంది, గొంతు మారుతుంది, దాంపత్యం మామూలుగానే సాగుతుంది. బయటికి ఏ తేడా తెలియదు. ఆ అబ్బాయికి తొమ్మిదేళ్లపాటు అనుమానం కూడా రాకపోవడానికి కారణం ఇదే.

తల్లిదండ్రులు తరచూ అడిగేది, "ఈ క్యాన్సర్ వస్తే పిల్లలు పుట్టరా?" అని. జబ్బు పేరుతో దీనికి జవాబు దొరకదు. ఏ మందు, ఎంత మోతాదు, ఏ వయసులో అన్నది చూడాలి. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, ప్రోకార్బజైన్, బుసల్ఫాన్, మెల్ఫలాన్ లాంటి మందులు మోతాదు పెరిగేకొద్దీ ఎక్కువ నష్టం చేస్తాయి. విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్ లాంటివి ఈ విషయంలో చాలావరకు తేలిక. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌లో ఒకప్పుడు ప్రోకార్బజైన్ ఉన్న మందుల కలయిక ఇచ్చేవాళ్లు. నయమైన మగవాళ్లలో అత్యధికులకు వీర్యకణాలు లేకుండా పోయేవి. తర్వాత వచ్చిన ఏబీవీడీ అనే కలయికతో ఆ ముప్పు బాగా తగ్గింది. అదే జబ్బు, అదే వయసు, మందు మారితే కథ మారింది.

రేడియేషన్ ఎంత సున్నితంగా చూడాలో చెప్పడానికి ఒక్క లెక్క చెప్తాను. అండాశయంలోని అండాల్లో సగం నశించడానికి 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) కూడా అక్కర్లేదు. బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు ఒళ్లంతా ఇచ్చే రేడియేషన్ చాలాచోట్ల 12 గ్రే దాకా ఉంటుంది. పొత్తికడుపుకి రేడియేషన్ ఇస్తే గర్భాశయం కూడా దెబ్బతింటుంది. అండాలు దాచిపెట్టినా మోయడం కష్టమవుతుంది, గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు లాంటివి పెరుగుతాయి. ఈ విషయం చెప్పకుండా అండాలు దాచమని మాత్రం చెప్తే సగం నిజమే చెప్పినట్టు. తలకి ఇచ్చే రేడియేషన్ వల్ల మెదడు నుంచి అండాశయాలకి, వృషణాలకి వెళ్లే హార్మోన్ల ఆజ్ఞలు తగ్గిపోవచ్చు. దీనికి మాత్రం చాలాసార్లు హార్మోన్ ఇంజెక్షన్లతో దారి దొరుకుతుంది.

ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం. యుక్తవయసుకి వచ్చిన మగపిల్లల విషయంలో ఇంత సులువైన పని ఉండి కూడా మనం చేయకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. వీర్యం సేకరించి, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచడం కొత్త విద్య కాదు. గ్లిజరిన్ కలిపితే గడ్డకట్టినా కణాలు బతుకుతాయని 1949లో తెలిసింది. దాచిన వీర్యంతో మహిళలు గర్భం దాల్చినట్టు 1953లోనే ప్రకటించారు. జబ్బుతో నీరసించిన పిల్లవాడి శాంపిల్‌లో కణాలు తక్కువగా ఉండొచ్చు, చురుకుగా ఉండకపోవచ్చు. "ఇది దేనికీ పనికిరాదు" అని ఎవరైనా పారేయబోతే ఆపండి. 1992లో వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి వచ్చాక ఒక అండానికి ఒక్క వీర్యకణం చాలు. కొన్ని పదుల కణాలున్నా దాచదగ్గవే. అయితే ఇది కీమో మొదలవకముందే జరగాలి. మొదలయ్యాక తీసిన కణాల్లో డీఎన్ఏ దెబ్బతిని ఉండే ప్రమాదం ఉంది. శాంపిల్ ఇవ్వలేని వాళ్లకి మత్తులో వృషణం నుంచి చిన్న ముక్క తీసి కణాలు వెతకొచ్చు. మందులు ఎక్కించే సెంట్రల్ లైన్ గొట్టం పెట్టడానికి ఎలాగూ మత్తు ఇస్తారు, ఆ మత్తులోనే ఇదీ చేసేయొచ్చు.

అమ్మాయిల విషయంలో కాస్త ప్లానింగ్ కావాలి. పీరియడ్స్ మొదలైనవాళ్లకి అండాలు తీసి దాచొచ్చు, భాగస్వామి ఉంటే పిండాలుగా దాచొచ్చు. దీనికి రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు, స్కానింగ్‌లు, చివర్లో మత్తు ఇచ్చి అండాలు తీయడం, మొత్తం దాదాపు రెండు వారాలు. ఇదివరకు నెలసరి వచ్చేదాకా ఆగాలనేవాళ్లు, ఇప్పుడు ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్రలు కూడా కలిపి ఇస్తారు. ఇక్కడ ఒక్క మాట స్పష్టంగా చెప్పండి. పది అండాలు దాచామంటే పదిమంది బిడ్డలని అర్థం కాదు. ఒక్క బిడ్డ కూడా పుట్టకపోవచ్చు. ఆశ ఇవ్వాలి, గ్యారంటీ ఇవ్వకూడదు.

రెండు వారాల వ్యవధి లేనివాళ్లకీ, ఇంకా పెద్దమనిషి కాని పిల్లలకీ మరో దారి ఉంది. ల్యాప్రోస్కోపీ ద్వారా, అంటే పొట్టపై చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్‌తో, ఒక అండాశయాన్నో, దాని పైపొరలో కొంత భాగాన్నో తీసి, పలచటి ముక్కలుగా చేసి దాచడం. అండాలన్నీ ఉండేది ఆ పైపొరలోనే. 2004లో బ్రస్సెల్స్‌లో డాక్టర్ జాక్ డోనే బృందం చేతుల మీదుగా ఇలా పుట్టిన మొదటి బిడ్డ లోకానికి తెలిసింది. ఆ తల్లికి హాడ్జ్‌కిన్ లింఫోమా. కీమోకి ముందు 1997లో దాచిన ముక్కలను ఏళ్ల తర్వాత తిరిగి ఆమె ఒంట్లోనే పెట్టారు. ఇప్పటికి ఈ పద్ధతిలో 200 మందికి పైగా పిల్లలు పుట్టారు. 2019లో అమెరికా సంతానవైద్యుల సంఘం ఈ పద్ధతిని ఇక ప్రయోగంగా చూడనక్కర్లేదని చెప్పింది. తిరిగి పెట్టిన ముక్కలు హార్మోన్లను కూడా ఇస్తాయి. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్నవాళ్లలో మాత్రం ఆ ముక్కల్లో జబ్బు కణాలు దాగి ఉండొచ్చు, వాటిని తిరిగి పెట్టడం ప్రమాదం. ఈ మాట ముందే చెప్పాలి.

పెద్దమనిషి కాని మగపిల్లలకి? వాళ్లలో ఇంకా వీర్యకణాలు ఉండవు. వృషణం నుంచి చిన్న ముక్క తీసి దాచే కేంద్రాలున్నాయి. 2019లో ఒక కోతి మీద చేసిన ప్రయోగంలో, చిన్నతనంలో తీసి దాచిన ముక్కను తిరిగి అతికిస్తే పెద్దయ్యాక వీర్యకణాలు తయారయ్యాయి, వాటితో ఒక కోతిపిల్ల పుట్టింది. మనుషుల్లో ఇది పరిశోధనగానే జరుగుతోంది. తల్లిదండ్రులకి పరిశోధన అన్న మాట వాడే చెప్పండి, మెత్తగా మార్చి చెప్పొద్దు. ముప్పు బాగా ఎక్కువున్న పిల్లాడి విషయంలోనే దీని గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. మామూలు లుకేమియా వైద్యంలో చాలామంది పిల్లలకి ఈ ముప్పు తక్కువ. అలాంటి పసివాడికి, చేయగలం కదా అని ఒక ఆపరేషన్ చేయడం నాకు ఇష్టం ఉండదు. ముప్పు తక్కువని చెప్పి, వాళ్ల భయం పోగొట్టి పంపడం కూడా ఈ సంభాషణలో భాగమే.

రేడియేషన్ పడే చోటు నుంచి అండాశయాలను పైకి జరిపి కుట్టడం, తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో గర్భాశయాన్ని ఉంచి ముఖద్వారం వరకే తీయడం, ఇలాంటివీ ఉన్నాయి. అవి సర్జన్‌తో మాట్లాడాల్సిన సంగతులు, వాటిలోకి ఇవాళ వెళ్లను.

నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది ఈ మాట ఎలా చెప్పాలన్న దాని గురించి. పై సమాచారమంతా పుస్తకాల్లో దొరుకుతుంది. మంచం పక్కన నిలబడ్డప్పుడు నోరు పెగలాలి, అదే కష్టం.

ముందుగా, పదమూడు పద్నాలుగు దాటిన పిల్లలతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడండి. తల్లిదండ్రులకి చెప్పే చేయండి. "అమ్మా, ఈ వయసు పిల్లలందరితో ఒక పది నిమిషాలు విడిగా మాట్లాడతాం, తర్వాత మీతో కూర్చుంటాం" అంటే దాదాపు ఎవరూ కాదనరు. అందరితో చేస్తాం అన్న మాట ముఖ్యం. లేకపోతే తమ బిడ్డ దగ్గర ఏదో దాస్తున్నారనుకుని టెన్షన్ పడతారు.

పిల్లాడితో నేను ఇలా మొదలుపెడతాను. "నీకు ఇచ్చే మందు జబ్బు మీద పనిచేస్తుంది. దాంతోపాటు వీర్యకణాలు తయారయ్యే చోటుని కూడా దెబ్బతీయొచ్చు. అలా జరిగితే, పెద్దయ్యాక నీకు పిల్లలు కావాలనిపించినప్పుడు కష్టమవుతుంది. మందు మొదలుపెట్టకముందే కొన్ని కణాలు దాచిపెట్టొచ్చు. నీకు పిల్లలు కావాలా వద్దా అని ఇప్పుడు అడగడం లేదు. అది నువ్వు ఎప్పుడో తేల్చుకుందువుగాని." ఇంతే. ఇక్కడ ఆగిపోతాను. ఆగడం నాకు చాలా ఆలస్యంగా అబ్బిన విద్య. మనం మాట్లాడుతూ పోతే వాడు తలూపుతూ పోతాడు. మనం ఆగితే వాడు అడుగుతాడు.

ఏం అడుగుతారో తెలుసా? ఒక పదిహేనేళ్ల అమ్మాయికి అండాశయం ముక్క దాచడం గురించి చెప్పాను. చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుంది. తర్వాత తలెత్తి, "అంటే నాకు తగ్గుతుందనే కదా మీరు ఇవన్నీ అడుగుతున్నారు?" అంది. జబ్బు చెప్పినప్పటినుంచి ఆ పిల్ల ముందు ఎవరూ రేపటి మాట ఎత్తలేదు. నేను ఎబ్బెట్టు అనుకున్న ప్రశ్నలో ఆమెకి రేపు కనిపించింది. "తగ్గించాలనే ట్రీట్‌మెంట్ ఇస్తున్నాం తల్లీ, తగ్గితే ఆ తర్వాతి సంగతి కూడా చూడాలి కదా" అన్నాను. తప్పకుండా తగ్గుతుందని అనలేదు, అనకూడదు.

అబ్బాయిలకి సిగ్గు ఎక్కువ. శాంపిల్ ఎలా ఇవ్వాలో ఒక మగ నర్సో మగ డాక్టరో మామూలు మాటల్లో, రక్తపరీక్ష గురించి చెప్పినట్టే చెప్తే సగం బెరుకు పోతుంది. గదికి లోపలి గడియ ఉండాలి. తొందరపెట్టకూడదు. తండ్రి తలుపు బయట నిలబడి "అయిందా?" అని అడిగే పరిస్థితి అసలు ఉండకూడదు. ఇవి చిన్న విషయాల్లా అనిపిస్తాయి గానీ, కుర్రాళ్లు వద్దనడానికి చాలాసార్లు ఇవే కారణం. శాంపిల్ రాకపోతే అది వాడి ఓటమి కాదని, ఒంట్లో జ్వరం, నొప్పి, భయం ఉన్నప్పుడు ఎవరికైనా అలాగే జరుగుతుందని, ఇంకో దారి ఉందని ముందే చెప్పి ఉంచండి.

ఇక తల్లిదండ్రులు. "ముందు బిడ్డని బతకనివ్వండి డాక్టర్ గారూ, పిల్లల సంగతి ఇప్పుడెందుకు?" అన్నమాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఒక్కోసారి కోపంగా అంటారు. ఆ కోపం మన మీద కాదు. "బతుకుతుందన్న ఆశతోనే అడుగుతున్నానమ్మా. పదేళ్ల తర్వాత మీ అమ్మాయి వచ్చి, ఈ సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగితే మీ దగ్గరా, నా దగ్గరా జవాబు ఉండాలి" అంటాను. చాలామంది మెత్తబడతారు. కొందరు మెత్తబడరు. మరుసటి రోజు మళ్లీ అడుగుతాను. క్యాన్సర్ అని విన్న గంటలో చెప్పిన మాటలు ఎవరికీ చెవికెక్కవు. అందుకే కాగితం మీద రాసి ఇవ్వాలి, రెండోసారి చెప్పాలి.

బిడ్డ ఒకటి, తల్లిదండ్రులు ఒకటి అన్నప్పుడు? పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఒకామె అండాలు దాచడానికి ఒప్పుకోలేదు. ఇక ఒక్క సూది కూడా అదనంగా వద్దంది. వాళ్లమ్మ ఏడ్చింది, బతిమాలింది, నన్ను ఒప్పించమంది. ఆమె మేజర్, విషయం పూర్తిగా అర్థం చేసుకుంది, రెండుసార్లు అడిగినా అదే చెప్పింది. నేను ఒప్పించలేదు. ఇప్పటికీ ఇద్దరూ కలిసే చెకప్‌కి వస్తారు. కూతురు తన నిర్ణయానికి బాధపడటం లేదు. తల్లి బాధ పోలేదు. ఇద్దరి ముందూ ఏమీ జరగనట్టు కూర్చోవడం నాకు చేతకాదు. అందుకే అప్పుడప్పుడూ ఆ మాట నేనే ఎత్తి, ఇద్దరినీ మాట్లాడనిస్తాను.

చిన్నపిల్లల్లో నిర్ణయం తల్లిదండ్రులదే, అయినా ఆ పిల్లకి తన భాషలో చెప్పాలి. ఏడేళ్ల పిల్లకి, "నీ పొట్టలోంచి ఒక చిన్న ముక్క తీసి నీకోసం దాస్తాం, పెద్దయ్యాక అవసరమైతే వాడుకుందువుగాని" అంటే అర్థమవుతుంది. పెద్దయ్యాక ఆ ముక్క ఆమెది. తల్లిదండ్రులది కాదు, ఆసుపత్రిది కాదు. పద్దెనిమిది నిండినప్పుడు ఆమెను పిలిచి మళ్లీ మాట్లాడే ఏర్పాటు మొదటిరోజే ఉండాలి.

డబ్బు సంగతి దాచొద్దు. తీయడానికి ఒక ఖర్చు, దాచినన్నాళ్లూ ఏటా ఒక ఖర్చు. ఈ రెండూ ముందే చెప్పండి. వేసుకున్న బట్టలు చూసి వీళ్లు భరించలేరులే అనుకుని అసలు చెప్పకుండా ఉండటం మాత్రం చేయకండి. అప్పు చేయాలో వద్దో వాళ్ల లెక్క వాళ్లకుంటుంది. సాయం చేసే సంస్థ ఏదైనా ఉంటే వెతికి పెట్టడం మన పని.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఒకటుంది. దాచిన వీర్యం, అండాలు, పిండాలు ఆ మనిషి చనిపోతే ఏం చేయాలి? పారేయాలా, పరిశోధనకి ఇవ్వాలా, భాగస్వామికి వాడుకునే హక్కు ఉండాలా? ఈ జవాబు మనిషి బతికుండగా, తన చేత్తో రాసి ఉండాలి. "ఇది అందరినీ అడిగే ప్రశ్న" అని మొదలుపెట్టి, కళ్లలోకి చూసి, నెమ్మదిగా అడగండి. అడక్కపోతే తర్వాత దుఃఖంలో ఉన్న కుటుంబం ఆ నిర్ణయం కోసం తమలో తాము కొట్లాడుకోవాల్సి వస్తుంది. జబ్బు ముదిరినవాళ్లకి ఈ మాటే ఎత్తకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. బతికే అవకాశాలు తక్కువని నిజాయితీగా చెప్పి, ఎంపిక వాళ్లకే వదలాలి. తన తర్వాత ఏదో ఒకటి మిగిలి ఉందన్న ధైర్యం కోసం దాచుకున్నవాళ్లను చూశాను. విని, వద్దని తల అడ్డంగా ఊపినవాళ్లనూ చూశాను.

వ్యవధి అసలు లేని సందర్భాలూ ఉంటాయి. ఛాతీలో పెద్ద గడ్డ ఊపిరి ఆడనివ్వదు, తెల్లకణాలు లక్షల్లో ఉంటాయి. అప్పుడు ఆ రాత్రే మందు మొదలవ్వాలి, ఇంకో ఆలోచన లేదు. అప్పుడు కూడా చెప్పండి, "ఇప్పుడు ఆగలేం, జబ్బు అదుపులోకి వచ్చాక, ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు మళ్లీ దీని గురించి మాట్లాడతాం" అని. లుకేమియాలో చాలాసార్లు అలా రెండో అవకాశం వస్తుంది.

రొమ్ము క్యాన్సర్ ఉన్న యువతులకి రెండు సంగతులు. కీమో నడుస్తున్నంతకాలం అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్ గురించి 2015లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. హార్మోన్ గ్రాహకాలు లేని రకం రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లలో, అండాశయాలు పనిచేయకుండా పోవడం ఇంజెక్షన్ తీసుకోనివాళ్లలో 22 శాతం ఉంటే తీసుకున్నవాళ్లలో 8 శాతం ఉంది. మంచిదే, కానీ అండాలు దాచడానికి ఇది బదులు కాదు. రెండోది, హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకునే మాత్రలు ఏళ్ల తరబడి వాడాల్సినవాళ్లు, గర్భం కోసం మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని వణికిపోతారు. 2023లో వెలువడిన పాజిటివ్ అనే అధ్యయనంలో 500 మందికి పైగా మహిళలు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్రలు వాడాక, రెండేళ్ల వరకు ఆపి గర్భం కోసం ప్రయత్నించారు. మూడేళ్ల దాకా చూస్తే జబ్బు తిరగబెట్టడం వాళ్లలో 8.9 శాతం, పోల్చి చూసిన మహిళల్లో 9.2 శాతం. తేడా లేనట్టే. ఇంకా చాలా ఏళ్లు గమనించాలి, విరామం తర్వాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలి. అయినా ఒకప్పుడు వద్దే వద్దని చెప్పిన చోట ఇప్పుడు కూర్చుని మాట్లాడగలుగుతున్నాం.

ట్రీట్‌మెంట్ అయిపోయాక ఈ సంభాషణ ముగిసిందనుకోవద్దు. అమ్మాయిలకి ఏఎంహెచ్ అనే రక్తపరీక్షతో అండాల నిల్వ ఎంతుందో ఓ అంచనా వస్తుంది. నిల్వ తగ్గుతున్న అమ్మాయికి జబ్బు నయమైన తర్వాత కూడా అండాలు దాచుకునే వీలుండొచ్చు, ఆ మాట ఆమెకి సమయానికి చేరాలి. కీమో తీసుకున్నాం కాబట్టి గర్భం రాదనుకుని జాగ్రత్తలు మానేసేవాళ్లూ ఉన్నారు, అది కూడా ప్రమాదమే. "నా జబ్బు నా పిల్లలకి వస్తుందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఎక్కువశాతం క్యాన్సర్లు వంశపారంపర్యంగా వచ్చేవి కావు. నయమైనవాళ్ల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా ఉన్నట్టు అధ్యయనాల్లో తేలలేదు. బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పులు (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచేవి), రెటినోబ్లాస్టోమా అనే పిల్లల కంటి క్యాన్సర్ లాంటివి వేరు, వాటికి జన్యు సలహా తప్పనిసరిగా ఇప్పించాలి.

మా వార్డులో ఇప్పుడు కీమో ఆర్డర్ కాగితం పైన ఒక గడి ఉంది. సంతానం గురించి మాట్లాడింది ఎవరు, ఏ రోజు, పేషెంట్ ఏమన్నారు అన్నవి అందులో రాయాలి. అది ఖాళీగా ఉంటే నర్సు ఫోన్ చేసి అడుగుతుంది. ఆ ఫోన్ నాకూ వస్తుంటుంది. రాత్రి పదకొండింటికి వచ్చినా నేను విసుక్కోను.

ఆ అబ్బాయి గురించి చెప్పి ముగిస్తాను. సున్నా అని వచ్చినవాళ్లలో కూడా కొందరికి మైక్రోస్కోప్ కింద వృషణంలో వెతికితే అక్కడక్కడా వీర్యకణాలు దొరుకుతాయి. ఈ సంగతి అతనికీ, ఈసారి లోపలికి పిలిచి అతని భార్యకీ కలిపి చెప్పాను. దొరకకపోవచ్చని కూడా చెప్పాను. తొమ్మిదేళ్ల కిందట అడగనందుకు క్షమించమన్నాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె మాత్రం పుస్తకం తీసి, ఆపరేషన్‌కి ఎన్ని రోజులు పడుతుంది, నొప్పి ఎంత ఉంటుంది, దొరకకపోతే ఇంకేం దారులున్నాయి అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఆ రోజుకి ఇంకా ఏదీ తేల్చుకోలేదు. వచ్చే నెల మళ్లీ వస్తామన్నారు.